శనివారం వద్దన్న చిన్న గోలి

మందుల కౌంటర్ వెనక ముప్పై ఒక్క ఏళ్లు నిలబడ్డాను. కోదాడలో ఒక మెడికల్ షాపులో మొదలుపెట్టి, మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో ఎక్కువ కాలం చేసి, చివరి నాలుగేళ్లు సూర్యాపేటలో గడిపి ఇంట్లో కూర్చున్నాను. మోకాళ్లు అరిగాయి, కళ్లద్దాలు మందమయ్యాయి. ఈ మధ్య ఫార్మసీ చదువుతున్న మా చెల్లెలి కూతురు వచ్చి, పెద్దమ్మా, నీ సర్వీసులో మరిచిపోలేని రోజు ఏదని అడిగింది. ఏదో గొప్ప సంగతి చెబుతాననుకుని ఫోన్‌లో రికార్డింగ్ కూడా పెట్టింది. నాకు ఒక్కటే రోజు గుర్తుకొచ్చింది. ఛాయ్ పెడతానని లేచి వంటింట్లోకి పోయాను. ఆ పిల్లకు చెప్పలేకపోయినదాన్ని, ఆ పిల్లలాగా రేపో మాపో కౌంటర్ వెనక నిలబడబోయే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పిరికిదాన్ని. గ్యాస్ కట్టేశానా లేదా అని గేటు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చే రకం. కౌంటర్‌లో కూడా అంతే. స్ట్రిప్ మీద పేరు మూడుసార్లు చదివితే గానీ పేషంట్ చేతిలో పెట్టేదాన్ని కాదు. మిర్యాలగూడ దవాఖానలో నా పక్కన ఒక సీనియర్ ఉండేవారు. రోజూ కోదాడ నుంచి బస్సులో వచ్చి వెళ్లేవారు. మీరు మందులిస్తున్నారా, పరీక్ష రాస్తున్నారా అండీ అని నన్ను ఏడిపించేవారు. లైన్ పెరిగిపోతుంటే నా చేతిలో చీటీ లాక్కుని ఆయనే గబగబా ఇచ్చేసేవారు. నాకు కోపం వచ్చేది కాదు. నా పిరికితనం వల్ల ఒకరి మందు ఇంకొకరికి ఎప్పుడూ పోలేదు. నేను చేసిన తప్పు వేరే రకం. అది స్ట్రిప్ మీద ఎన్నిసార్లు చదివినా కనిపించేది కాదు.

మా దవాఖానలో గుండె డాక్టరు గారు వారానికి రెండు రోజులు బయటి పేషంట్లను చూసేవారు. ఆ రెండు రోజులూ నిడమనూరు, వాడపల్లి వైపు ఊళ్ల నుంచి జనం పొద్దున్నే వచ్చి మెట్ల మీద కూర్చునేవాళ్లు. వాళ్లలో మందుల పేర్లు తెలిసినవాళ్లు తక్కువ. ఒంట్లో నీరు తీసేది నీళ్ల గోలి. ఛాతీలో నొప్పి వస్తే పెట్టుకునేది నాలుక కింది గోలి. రక్తం గడ్డకట్టకుండా చూసేది పల్చటి గోలి. నేనూ వాళ్లతో ఆ పేర్లతోనే మాట్లాడేదాన్ని. ఇక డిగాక్సిన్ అనే దాన్ని చిన్న గోలి అనేవాళ్లు. చూడ్డానికి అది నిజంగానే చిన్నది, నేల మీద పడితే వెతుక్కోవాలి. అలసిపోయిన గుండె నెమ్మదిగా, గట్టిగా కొట్టుకునేలా చేస్తుంది. కానీ దానికి సరిపోయే మోతాదుకూ, ప్రమాదకరమైన మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. కిడ్నీల గుండా బయటికి పోవాల్సిన మందు కాబట్టి, వయసు మళ్లినవాళ్లలో అది లోపలే పేరుకుపోతుంది. అందుకే మా డాక్టరు గారు పెద్దవాళ్లకు వారంలో ఐదు రోజులే రాసేవారు, శని ఆదివారాలు మాన్పించేవారు.

ఈ ఐదు రోజుల లెక్క చెప్పడమే నాకు పెద్ద పరేషాన్‌గా ఉండేది. వారాలు గుర్తుండనివాళ్లు ఉంటారు, గుర్తున్నా ఏ రోజు ఆపాలో మరిచిపోయేవాళ్లు ఉంటారు. అలాంటప్పుడు ఒక అవ్వ వచ్చింది. నిడమనూరు దగ్గర పల్లె. గొర్ల కాపరుల ఇల్లు, డెబ్బై దాటిన మనిషి, చదువు లేదు. కొడుకు, కోడలు గొర్లను చూసుకుంటారు. అవ్వా, నీకు వారాలు తెలుస్తాయా అని అడిగాను.

"శనివారం తెల్వకుంట ఎట్లుంటది బిడ్డా. ఒక్కపొద్దు ఉంట గద," అంది.

వెంకటేశ్వర స్వామికి మొక్కుకుని ఇరవై ఏళ్లుగా శనివారం ఒంటిపూట మాత్రమే తింటోందట. నాకు దారి దొరికినట్టయింది. ఒక్కపొద్దు ఉన్న నాడు, దాని తెల్లారి, చిన్న గోలి వేసుకోవద్దు, మిగతా దినాలన్నీ వేసుకోవాలి అని చెప్పాను. అవ్వ ఒక్క అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పింది. ఆరోజు మధ్యాహ్నం అన్నం తింటూ నా తెలివి గురించి నేనే చెప్పుకున్నాను. సీనియర్ కూడా బాగుందండీ అన్నారు. ఏడాదిన్నర పాటు అది తప్పలేదు. అవ్వ వచ్చినప్పుడల్లా మిగిలిన గోలీలు లెక్కపెట్టేదాన్ని. లెక్క సరిగ్గా ఉండేది.

మాది క్రైస్తవ కుటుంబం. మా ఇంట్లో ఉపవాస దినాలు ఏడాదికోసారి వచ్చి వెళ్లిపోతాయి. అవ్వ ఒక్కపొద్దు నాకు వారాలు చూపించే క్యాలెండర్‌లాగా పనికొచ్చింది తప్ప, ఆమెకు అది ఏమిటో నేను ఎన్నడూ ఆలోచించలేదు.

ఆ ఎండాకాలం అవ్వ వాచిన కాళ్లతో వచ్చింది. శనివారం కళ్లు తిరిగి పడిపోయిందని కోడలు చెప్పింది. డాక్టరు గారు నీళ్ల గోలి కొంచెం పెంచి, ఈ ఎండల్లో పస్తులుంటే కిడ్నీలు దెబ్బతింటాయి, ఒక్కపొద్దు మానెయ్యాలి అన్నారు. అవ్వ ఆయన ముందు తలూపి, కౌంటర్ దగ్గరికి వచ్చాక నన్ను అడిగింది. మొక్కుకున్న ఒక్కపొద్దు గదా బిడ్డా, ఇడిస్తే మంచిదేనా అని రెండుసార్లు అడిగింది. నేను ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి మందలించాను. దేవుడు నీ పానం అడిగిండా అవ్వా, నా మాట ఇను, ఇయ్యాల్టి సంది ఒక్కపొద్దు బంద్ అన్నాను. ఆమె నా మొహం చాలాసేపు చూసింది. సరే, నువ్వు చెప్పినవు గద అంది.

ఊరు దూరమని డాక్టరు గారు రెండు నెలలకు రాశారు. మిగతావి అరవై చొప్పున, చిన్నవి నలభై నాలుగు కత్తిరించి కవర్‌లో వేశాను. "ఎప్పటిలెక్కనే ఏస్కో అవ్వా. అర్థమైందా?" అన్నాను. "ఆ," అంది. నా వెనక లైన్ గేటు దాకా ఉంది.

మీలో చురుకైనవాళ్లకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. నాకు తెలియడానికి నెలన్నర పట్టింది.

ఆరోజు పగలు పన్నెండు గంటలకు కోడలు ఒక్కతే వచ్చింది. అత్తమ్మకు చిన్న గోలీలు అయిపోయాయి, అవి ఒక్కటే ఇవ్వండి అంది. సీనియర్ ర్యాక్‌లో నుంచి స్ట్రిప్ తీసి బిల్లు కొట్టబోతున్నారు. అయిపోయాయి అన్న మాట నా చెవిన పడింది. ఇంకా రెండు వారాలకు సరిపడా ఉండాలే అనుకున్నాను. ఆమె చేతి సంచీ అడిగి తీసుకుని కౌంటర్ మీద బోర్లించాను. బీపీ గోలీలు పదిహేను మిగిలి ఉన్నాయి. చిన్న గోలి స్ట్రిప్పులు అన్నీ ఖాళీ. నలభై నాలుగు గోలీలు నలభై నాలుగు రోజుల్లో అయిపోయాయి.

నిలబడ్డచోటే నాకు అర్థమైంది. ఒక్కపొద్దు నాడు వేసుకోవద్దని చెప్పిందీ నేనే, ఒక్కపొద్దు వద్దని చెప్పిందీ నేనే. ఆమె రెండు మాటలూ విన్నది. ఒక్కపొద్దు లేదు కాబట్టి ఆపాల్సిన రోజు కూడా లేదు. వారానికి ఏడు రోజులూ వేసుకుంది. అదీ ఎండాకాలంలో, పెంచిన నీళ్ల గోలితో కలిపి. స్ట్రిప్ ఇవ్వకండి అని సీనియర్ చెయ్యి పట్టుకున్నాను. ఆయన బిల్లు ఆపేశారు.

అవ్వ ఎట్లుందని కోడల్ని అడిగాను.

"ఏడ మంచిగున్నది మేడం. పది దినాలాయె బువ్వ ముడుతలేదు, తిన్నదంత కక్కుతుంది. తెల్ల గొర్లు పసుపు పూసినట్టు కనవడుతున్నయంటది. కామెర్లని మా ఆయన పొద్దుగాలనే వాడపల్లి దిక్కు పసరు తాపిచ్చనీకి తీస్కపోయిండు," అంది.

కళ్లకు అంతా పసుపుగా కనిపిస్తే కామెర్లే అని మన దగ్గర అందరూ నమ్ముతారు. కానీ చిన్న గోలి ఒంట్లో ఎక్కువైతే కూడా అలాగే కనిపిస్తుంది. కాలేజీలో ఆ లైన్ కింద ఎర్ర సిరాతో గీత గీసుకుని చదివాను. మనిషి నోటి వెంట వినడం అదే మొదటిసారి. పైగా ఆ పసరు తాగితే విరేచనాలు అవుతాయి. ఒంట్లో ఉన్న కాస్త లవణమూ కొట్టుకుపోతే ఆ గుండె ఏ క్షణాన ఆగుతుందో చెప్పలేం. కోడలి ఫోన్ తీసుకుని కొడుక్కి చేశాను. అందుబాటులో లేదంది. మళ్లీ చేశాను. మూడోసారికి ఎత్తాడు.

పసరు తాగించారా అని అడిగాను. ఇంకా లేదు, లైన్‌లో ఉన్నాం, ముందు ముగ్గురున్నారు అన్నాడు. చిన్న గోలి ఎప్పుడు వేశారని అడిగాను. అయిపోయినయని మా వాడకట్టుల ఒకాయన తాన రెండు బదులు తెచ్చిన, పొద్దుగాల ఒకటి ఏసిన అన్నాడు. ఆయనకూ గుండె జబ్బేనట, ఆయనా మా దగ్గరే తీసుకుంటాడట. పసరు ముట్టొద్దు, ఇంక ఒక్క గోలి కూడా వెయ్యొద్దు, ఉన్నపళంగా ఆటో మాట్లాడుకుని ఇటు రమ్మన్నాను. అమ్మకు కామెర్లు, గుండె మంచిగనే ఉన్నదని అతను మొండికేశాడు.

"కామెర్లు గాదు. చిన్న గోలి ఎక్కువైంది. పానం మీదికొచ్చింది, జల్ది తీస్కరా," అన్నాను.

"ఎక్కువ ఎవలు ఇచ్చిన్రు?" అని అడిగాడు.

ముందు తీస్కరా అని ఫోన్ పెట్టేశాను.

డాక్టరు గారి గదికి పరుగెత్తాను. సంగతి చెప్పాను గానీ ఎలా చెప్పానో వినండి. ఆమె పొరపాటున రోజూ వేసుకుంటున్నట్టుంది సార్ అన్నాను. ఆ పొరపాటును ఎత్తి అవ్వ నెత్తిన పెట్టింది నా నోరే. దానికి నేను కష్టపడాల్సిన పని కూడా లేకపోయింది, మాట దానంతట అదే వచ్చేసింది.

వాడపల్లి నుంచి ఆటోకి గంట. ఆ గంట నేను గేటు దగ్గరే నిలబడ్డాను. సిమెంటు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, వాటి మధ్యలో ఏ ఆటో కనిపించినా ముందుకు అడుగేస్తున్నాను. లోపల ఇద్దరు ముగ్గురు పేషంట్లు చీటీలు పట్టుకుని పిలుస్తున్నారని తెలుసు. అయినా లోపలికి పోలేదు. దారిలోనే ఏమైనా అయితే? ఆమె పోతే? ఆ తర్వాతి ఆలోచన నా ఉద్యోగం గురించి. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. ఊరంతా వచ్చి ఈ గేటు ముందు కూర్చుంటే, మా ఆయనకు ఏమని చెప్పాలి, పిల్లల ఫీజులు ఎలా కట్టాలి అని కూడా అనుకున్నాను. భయంలో మనిషి ఒకేసారి రెండు ప్రాణాల గురించి ఆలోచించగలడు. రెండోది తనదే.

ఆటో వచ్చింది. అవ్వ కొడుకు భుజం మీద వాలిపోయి ఉంది. దింపుతూ చెయ్యి పట్టుకున్నాను. అలవాటుగా నాడి చూశాను. ఒక దెబ్బ కొట్టుకుంది. తర్వాతది రావడానికి నేను ఒకసారి ఊపిరి పీల్చేంతసేపు పట్టింది. అవ్వ కళ్లు తెరిచి నన్ను చూసి, నువ్వు గూడ పచ్చగనే ఉన్నవు బిడ్డా అంది.

తర్వాత జరిగినవన్నీ చెప్పను, చాలావరకు నాకు సరిగ్గా గుర్తు కూడా లేవు. మానిటర్ మీద గుండె వేగం అంకె ముప్పై ఎనిమిది అని గుర్తుంది. అది ముప్పై ఐదుకు దిగినప్పుడు నర్సు డాక్టరు గారిని పిలిచిన గొంతు గుర్తుంది. రక్తంలో పొటాషియం బాగా తగ్గిపోయింది, కిడ్నీలు అలసిపోయాయి అన్నారు. సెలైన్‌లో మందులు కలిపి మెల్లగా ఎక్కించారు. దీనికి విరుగుడు ఉంది, కానీ మా దగ్గర దొరకదు. హైదరాబాద్ పంపిద్దామా అంటే దారిలో తట్టుకోలేదేమోనని డాక్టరు గారు వెనకాడారు. అంబులెన్స్‌ను మాత్రం గేటు దగ్గరే ఆపి ఉంచారు. ఏదో సాకు పెట్టుకుని పది నిమిషాలకోసారి ఐసీయూ తలుపు అద్దంలోంచి చూసి వచ్చేదాన్ని. తెర మీద గీత సాఫీగా పోతూ పోతూ, మళ్లీ ఎప్పుడు లేస్తుందోనని ఎదురుచూసేదాన్ని.

రెండో రోజు మధ్యాహ్నానికి అంకె యాభై దాటింది. సీనియర్ నన్ను స్టోర్ రూమ్‌లోకి పిలిచారు. అప్పటికే ఆయనకు ఉన్నదంతా చెప్పేశాను.

"గండం గట్టెక్కింది కదండీ. ఇప్పుడు మీరు చెప్పి ఏం లాభం? ఆ కొడుకు కోపిష్టిలా ఉన్నాడు. ఊరుకోండి," అన్నారు.

ఆయన చెడ్డవాడు కాదు. నా మంచి కోరే అన్నారు. ఆయన మాట వినాలని నాకూ ఉంది. సరే అనుకుని బయటికి వచ్చేసరికి మెట్ల మీద కోడలు కూర్చుని ఏడుస్తోంది. గోలీలు ఇచ్చేది నువ్వే కదా, లెక్క చూడకుండా మింగించి మా అమ్మ పానం మీదికి తెచ్చావని మొగుడు పొద్దున్నుంచి తిడుతున్నాడట. నన్ను చూసి కళ్లు తుడుచుకుని, నేనేం తప్పు ఇయ్యలేదు మేడం, అత్తమ్మ చెప్పినట్టే ఇచ్చిన అంది. నాకు తెలుసని అనబోయి ఆగిపోయాను. ఆరోజు కూడా చెప్పలేదు.

మూడో రోజు అవ్వ లేచి కూర్చుంది. బువ్వ తెల్లగ కనవడుతుందని కోడలితో అంటోంది. నేను వెళ్లేసరికి కొడుకు, కోడలు, డాక్టరు గారు అందరూ అక్కడే ఉన్నారు. ఇప్పుడు కాకపోతే ఎప్పటికీ చెప్పలేనని తెలిసి, మంచం పట్టె పట్టుకుని చెప్పేశాను. తప్పు కోడలిది కాదు, అవ్వది కాదు. ఒక్కపొద్దు గుర్తు పెట్టింది నేను, ఆ ఒక్కపొద్దును తీసేసింది నేను, గుర్తు పోయిందని చూసుకోనిది నేను. డాక్టరు గారు అద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. కొడుకు పిడికిలి బిగించడం చూశాను. కొట్టినా నిలబడాలనే అనుకున్నాను.

అవ్వ నన్నే చూస్తోంది.

"అయితే స్వామి కోపం జెయ్యలేదన్నట్టా?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు మెల్లమెల్లగా చెప్పింది. ఒక్కపొద్దు విడిచిన మూడో వారం నుంచే అన్నం సహించడం మానేసిందట. ఇరవై ఏళ్ల మొక్కు తప్పినందుకు స్వామి శిక్ష వేశాడని ఆమె అనుకుంది. ఇంట్లో చెబితే వాళ్లకూ ఆ పాపం తగులుతుందని నోరు విప్పలేదు. దవాఖానకు వస్తే ఏం లాభం, దేవుని కోపానికి మందుంటుందా అని రాలేదు. కంటికి పసుపు కమ్మినప్పుడు ఇక తన పని అయిపోయిందనే అనుకుంది. ఒక్క నా మాటనైనా నిలబెట్టాలని గోలీలు మాత్రం ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకుందట.

"నెలన్నర సంది కన్ను మూస్తె భయం బిడ్డా. దేవునికి ఎదురు వోయిన్ననుకున్న. దేవుడు గాదు, నువ్వా," అని నవ్వింది. ముందు పళ్లు లేని నోటితో, పక్క మంచం వాళ్లు కూడా తిరిగి చూసేటట్టు నవ్వింది.

మనిషి చేసిన తప్పు ఆమెకు పెద్ద విషయం కాదు, అప్పటికప్పుడే వదిలేసింది. కొడుకు నవ్వలేదు. పెళ్లాం వైపు ఒకసారి చూసి, బయటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. అది అతని న్యాయం. మేనేజ్‌మెంట్ నా దగ్గర క్షమాపణ రాయించుకుని ఉద్యోగం ఉంచింది. డాక్టరు గారు అవ్వకు చిన్న గోలి పూర్తిగా తీసేసి, చలికాలం వచ్చాక ఒక్కపొద్దుకు ఒప్పుకున్నారు, మధ్యలో పండు, పాలు తీసుకోవాలన్న షరతు మీద.

అప్పటి నుంచి నేను ఏ పేషంట్‌నూ అర్థమైందా అని అడగలేదు. ఆ ప్రశ్నకు మన దగ్గర ఆ అనేదొక్కటే జవాబు. రేపు పొద్దున ఏది వేసుకుంటావు, శనివారం ఏం చేస్తావు, పెండ్లికి పోతే ఏం చేస్తావు, తిండి మానేస్తే ఏం చేస్తావు అని వాళ్ల నోటితోనే చెప్పించుకునేదాన్ని. ఇంకో డాక్టరు ఏదైనా వద్దన్నాడా, నేనే ఏదైనా వద్దన్నానా అని కూడా అడిగేదాన్ని. లైన్ ఇంకా పొడుగయ్యేది. సీనియర్ కొన్నాళ్లు ఏడిపించారు, తర్వాత ఆయనా అడగడం మొదలుపెట్టారు.

అవ్వ ఆ తర్వాత నాలుగేళ్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ కవర్ చేతిలోకి తీసుకునే ముందు, నేను అడగకుండానే, ఏ గోలి ఎప్పుడో లైన్‌లో ఉన్నవాళ్లందరికీ వినబడేటట్టు గట్టిగా అప్పజెప్పేది. అయ్యాక కౌంటర్ మీదికి వంగి, నాకు మాత్రమే వినబడేటట్టు అడిగేది.

"మంచిగ చెప్పిన్నా బిడ్డా? నీ భయం పోయిందా?"

పోయింది అవ్వా అనేదాన్ని. ఇన్నేళ్లలో తెలిసి తెలిసి ఒక పేషంట్‌తో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే.